పుస్తకంలో లేని పెట్ట

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో దీనికి ఎప్పుడో లెక్క కట్టేశారు. "వందమంది వస్తున్నారు" అని నేనంటే మా ఆవిడ పన్నెండు గ్లాసుల టీ పెడుతుంది. అందులోనూ రెండు మిగులుతాయి.

నా వైపు నుంచి ఒక సంజాయిషీ కూడా వినండి. ఇరవై తొమ్మిదేళ్ళు సర్కారు బస్సులో కండక్టరుగా చేశాను. యాభై ఎనిమిది మంది ఎక్కితే యాభై ఎనిమిది టిక్కెట్లే కొట్టాలి. యాభై ఏడు కొడితే ఉద్యోగం ఊడుతుంది, యాభై తొమ్మిది కొడితే నా జేబు చిరుగుతుంది. అంత కచ్చితంగా బతికిన మనిషి బస్సు దిగాక కాస్త ఎక్కువ చెప్పుకుంటే తప్పేముంది? పైగా మోకాళ్ళు అరిగి గడువు కంటే నాలుగేళ్ళు ముందే దిగిపోయాను. ఆ నాలుగేళ్ళ గొప్పలు కూడా నాకు రావాల్సినవే.

కాబట్టి ఇందులో అంకెలు కనిపించిన చోటల్లా సగం చేసుకోండి. ఒక్క పదమూడును మాత్రం ముట్టుకోకండి. అది నిజం. నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బియ్యపు గింజంత మచ్చ ఉంది, అదీ నిజమే. ఏది కల్పించానో చివర్లో నేనే చెబుతాను.

ఇది ముఖ్యంగా ఫోను ముందు కూర్చుని "ముప్పై ఏళ్ళకే కోటీశ్వరులవడం ఎలా" అని చూస్తున్న పిల్లల కోసం. చూడొద్దని నేననను. నేనూ ఆ జబ్బు పడ్డవాణ్ణే. మీకు ఫోనులో అంటుకుంది, నాకు బస్సులో అంటుకుంది.

మాది ఆత్మకూరు నుంచి ఉదయగిరి మీదుగా సీతారామపురం పోయే సర్వీసు. ఒకరోజు ఆఖరి సీటు కింద ఒక సంచి దొరికింది. దొరికిన వస్తువును డిపోలో అప్పగించాలన్నది రూలు. అప్పగించాను. అందులో నగలూ నాణేలూ లేవు, ఐదు పుస్తకాలు ఉన్నాయి. ఆరు నెలలు బీరువాలో పడి ఉన్నా వాటికోసం ఎవరూ రాలేదు. చివరికి డిపో క్లర్కు నన్ను పిలిచి ఆ సంచి నా చేతిలో పెట్టాడు.

"డబ్బులు సంపాదించే పుస్తకాలంట సార్. పోగొట్టుకున్నోడు ఎతుక్కుంటా రాలేదంటే ఆయనకి డబ్బులు వచ్చేసినట్టే గదా. నువ్వు సదువుకో" అన్నాడు.

ఆ తర్కం నాకు నచ్చింది. ఐదూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించినవి. దించేటప్పుడు ఎవరో మెట్లు చూసుకోకుండా దించినట్టున్నారు, ప్రతి పేజీలోనూ ఒక వాక్యం బోర్లా పడి ఉండేది. అట్టల మీద కోటు వేసుకున్న మనిషి ఒకాయన మన వైపే వేలు చూపిస్తుంటాడు, బాకీ వసూలుకు వచ్చినట్టు. సీతారామపురంలో బండి గంటన్నర ఆగుతుంది. ఆ గంటన్నరల్లోనే ఐదు పుస్తకాలూ తొమ్మిదిసార్లు చదివాను. సగం చేసుకోమన్నాను కదా, మీ ఇష్టం.

చదివింది చేసి చూడకపోతే నాకు నిద్రపట్టదు. విజేతలు పొద్దున ఐదింటికే లేస్తారని మొదటి పుస్తకం చెప్పింది. ఫస్టు సర్వీసు డ్యూటీ ఉన్నరోజు నేను మూడున్నరకే లేవాలి. పుస్తకం ప్రకారం విజేతను కావాలంటే ఇంకో గంటన్నర పడుకోవాలి. డిపోలో అడిగితే ఒప్పుకోలేదు.

రోజూ అద్దంలో చూసుకుంటూ "నేను సింహాన్ని" అని చెప్పుకోమని రెండో పుస్తకం చెప్పింది. ఇంట్లో అద్దం దగ్గర మా ఆవిడ, పిల్లలు క్యూలో ఉంటారు. అందుకని బస్సులో డ్రైవరు పక్కన నిలబడి, ఆయన అద్దంలోకి చూస్తూ పెదవులు కదిపేవాణ్ణి. మా డ్రైవరన్న నాకంటే మూడేళ్ళు పెద్దవాడు. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగాడు.

"ఏందిరా, పన్ను నొప్పా?"

"కాదన్నా. నేను సింహాన్ని అని రోజూ చెప్పుకుంటే ధైర్యం వస్తాదంట."

"అట్నా. సింహానివైతే ఎనక ఫుట్‌బోర్డు మీద ముగ్గురు ఏలాడతా ఉండారు. పొయ్యి గర్జించు."

మూడో పుస్తకం మరీ ప్రమాదకరం. "వచ్చిన డబ్బులో మొదట నీకు నువ్వు చెల్లించుకో" అంటుంది. జీతగాళ్ళకు అది మంచి మాటే. కానీ మెడలో టిక్కెట్టు డబ్బుల సంచి వేలాడుతున్న మనిషి చదవాల్సిన మాట కాదు. మా ఉద్యోగంలో దానికి సస్పెన్షన్ అని పేరు. చెకింగ్ వాళ్ళు ఎక్కితే సంచిలోంచి ఆ పుస్తకం కనబడుతుందేమోనని అట్టకు మా అబ్బాయి సైన్సు పుస్తకం అట్ట తొడిగాను.

నాలుగోది చక్రవడ్డీని పొగిడిన పుస్తకం. అది చదివి పూనకం వచ్చి, ఒకరోజు ప్రయాణికులకు ఉపన్యాసం ఇచ్చాను. ముందు సీట్లో, రోజూ చుట్ట ఆర్పి ఎక్కే ఒక ముసలాయన ఉండేవాడు. ఓపిగ్గా అంతా విన్నాడు.

"చక్రవడ్డీ అంత మంచిదా సార్?"

"దాన్ని మించింది లేదు తాతా."

"మా నాయన ఎరుగు దాన్ని. రెండెకరాలు మింగినాక గూడా దానికి ఆకలి తీరలా."

నేను ఆ అధ్యాయం మూసేసి పెట్టుబడి అధ్యాయం తెరిచాను. క్రమం తప్పకుండా పెట్టుబడి పెట్టాలి తాతా అన్నాను. "పెడతానే ఉండాము గదా. ఏటా పెడతాము. మొన్న బోర్లో పెట్టినాము, నీళ్ళు పడలా" అన్నాడాయన. పుస్తకంలో పెట్టుబడి అంటే చేతికి తిరిగొచ్చేది. మా మెట్ట ఊళ్ళలో పెట్టుబడి అంటే చేతిలోంచి పోయేది. మాట ఒకటే, బస్సు మాత్రం ఎదురుదిక్కున పోయేది. ఇది నాకు భలే వింతగా అనిపించింది. ఏ మాట ఎవరి నోట్లో ఎలా మారుతుందో చూడ్డం కోసమే రోజుకో అధ్యాయం బస్సులో వదిలేవాణ్ణి. నాకు "కోటీశ్వరుడు కండక్టరు" అని పేరొచ్చింది. నా చొక్కాకు కాలరు చిరిగి ఉన్న సంగతి వాళ్ళు చూసే పెట్టారా ఆ పేరు అన్నది నాకు ఇప్పటికీ తెలీదు.

ఐదో పుస్తకంలో నన్ను పట్టేసిన వాక్యం ఒకటుంది. "గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకండి." అంటే, ఉన్న డబ్బంతా ఒకేచోట పెట్టొద్దని. ఎర్ర పెన్సిలుతో దాని కింద ఎన్ని గీతలు గీశానంటే కాగితం చిల్లిపడి అవతలి పేజీలో అక్షరాలు కనబడేవి. బస్సులో రోజుకు ఇరవైసార్లు చెప్పేవాణ్ణి. ఇన్నిసార్లు చెప్పినవాణ్ణి, బుట్టలో పెట్టిన గుడ్లను ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు.

అవి నాకు కార్తీకమాసం ముసురులో కనిపించాయి.

మధ్యాహ్నం ట్రిప్పు. ఆత్మకూరు బస్టాండులో బండి పెట్టాం, జనం ఇంకా ఎక్కలేదు. అరవై ఏళ్ళ పెద్దామె ఒకామె నెత్తిన వెదురుగంపతో వచ్చింది. గంప మీద పాత చీరముక్క కప్పి, చుట్టూ తాడు కట్టి ఉంది. ముందు సీట్లో, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, గంపను దించింది. గంప లోపలినుంచి ఎవరో గొణిగారు.

"గంపలో ఏందమ్మా?"

"పెట్ట నాయనా. పొదుగు మీద ఉండాది."

"పొదిగే పెట్టని పట్టుకుని ఎవరన్నా ఊళ్ళు తిరగతారా?"

"ఏం జేసేది? కూతురు కాన్పుకని ఈడికొచ్చినాను. ఇంటికాడ మొగోళ్ళు గొర్రెల ఎంబడి పోతారు, దీన్ని ఎవరు జూస్తారు? కూతురి కాన్పూ దీని కాన్పూ ఒక్కసారే వచ్చి పడినాయి. ఎంటబెట్టుకుని వచ్చినాను, ఎంటబెట్టుకుని పోతా ఉండాను."

ఆమెది సీతారామపురం ముందర ఒక చిన్న పల్లె. గంపలో పదమూడు గుడ్లు ఉన్నాయంది. పద్దెనిమిదో దినం, ఇంక మూడు దినాల్లో పిల్లలు అవుతాయి. ఒక కోడి కోసం ఇంత యాతన ఎందుకమ్మా అన్నాను.

"ఎండాకాలం తెగులొచ్చి ఇరవై రెండు కోళ్ళు పొయినాయి నాయనా. ఇదొక్కటే నిలిచింది. చేను మా ఆయనది, గొర్రెలు మా ఆయనవి. కోళ్ళే నావి. అవి పొయినకాణ్ణించి ఆకూవక్కకి గూడా ఆయన మొకం జూడాల్సి వస్తా ఉండాది. ఈ గంప ఇంటికి చేరితే మళ్ళా నా చెయ్యి నాది."

నాలుగో పుస్తకంలో "ఆర్థిక స్వేచ్ఛ" అని ముప్పై పేజీల అధ్యాయం ఉంది. అందులో సముద్రపు ఒడ్డున పడక కుర్చీలో పడుకున్న మనిషి బొమ్మ వేశారు. అది వెదురుగంపలో కూర్చుని గొణుగుతుందని నేను అనుకోలేదు.

"నీళ్ళు పట్టుకోనొస్తాను, గంప జూస్తా ఉండు నాయనా" అని ఆమె సీసా తీసుకుని దిగింది. నేను గంపను చూశాను. పదమూడు గుడ్లు, ఒకే బుట్ట! ఎర్ర పెన్సిలు గీతలన్నీ కళ్ళముందు మెరిశాయి. ఆమె నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. అప్పటికి జనం కూడా ఎక్కారు.

"అమ్మా, పదమూడు గుడ్లూ ఒకే గంపలో పెట్టినావు."

"మరి?"

"పెట్టగూడదు. పెద్ద పెద్ద కోటీశ్వరులు చెప్పిన మాట. గంప పడితే అన్నీ పోతాయి. రెండుచోట్ల పెడితే ఒకటి పోయినా ఇంకోటి మిగులుతాది."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "రెండు గంపల్లో పెడితే పెట్ట యాడ కూర్చుంటాది నాయనా?"

బస్సంతా ఘొల్లుమంది. డ్రైవరన్న నవ్విన నవ్వుకు హారను దానంతటదే మోగింది. నాకు రోషం వచ్చింది. రోడ్డు గుంటల గురించి, కొండ మలుపుల గురించి, ఉదయగిరిలో ఎక్కే జనం తొక్కిసలాట గురించి చెప్పాను. సగం గుడ్లు తువ్వాలలో చుట్టి నా మెడలో వేసుకుంటాననీ, రెండు గంటల్లో మీ ఊళ్ళో మళ్ళీ గంపలో కలిపేస్తాననీ అన్నాను.

"సదువుకున్నోడివి. నువ్వు చెప్తా ఉండావు. సరే నాయనా, కానియ్యి" అంది.

ఆమె తాడు వదులు చేసి ఒక్కొక్క గుడ్డే తీసి ఇచ్చింది, నేను చీరముక్క ఎత్తి పట్టుకున్నాను. పెట్ట ఒక్కసారిగా గింజుకుని నా చెయ్యి పొడిచింది. రక్తం చిమ్మి బస్సు టాపుకు తగిలింది. మొదట్లో చెప్పిన చేతి మచ్చ దీనిదే. ఆరు గుడ్లు తీశాక మూత కట్టేశాం. పెట్ట చాలాసేపు లోపల కొట్టుకుని, చివరికి మిగిలిన ఏడింటి మీద సర్దుకుంది.

"పొదగేసే గుడ్లు బేసిగా ఉండాల. నీ దగ్గర ఆరు చేసినావు" అంది ఆమె.

"పెట్ట కింద ఏడు ఉండాయి గదమ్మా, బేసే గదా."

"నీ కింద?"

రైట్ అన్నాను, బండి కదిలింది.

ఉదయగిరిలో దుర్గం కొండ మబ్బులో నడుముదాకా మునిగి ఉంది. అక్కడ కొయ్య గరిటెలు చెక్కే ఒకాయన భుజాన గరిటెల సంచితో ఎక్కాడు, ఒక టీచరమ్మ ఎక్కింది, చక్రవడ్డీ ముసలాయన ఎక్కాడు. ఊరు దాటి కొంతదూరం పోయాక వాగు రోడ్డు మీదికి వచ్చేసి ఉంది. ఎర్రటి నీళ్ళు. డ్రైవరన్న బండి ఆపి, దిగి, రాయి ఒకటి విసిరి చూసి, మళ్ళీ ఎక్కి ఇంజను ఆపేశాడు.

"నీళ్ళు తీసేదాకా కదిలేది లేదు" అన్నాడు.

ఒక గంట గడిచింది. చలిగాలి కిటికీ సందుల్లోంచి దూరుతోంది. పెద్దామె లేచి వచ్చి నా మెడలో తువ్వాల విప్పి, ఒక గుడ్డు తీసి, కళ్ళు మూసుకుని కనురెప్పకు ఆనించుకుంది. గుడ్డు వేడి చూడ్డం అలాగట. కళ్ళు తెరిచేసరికి ఆమె ముఖం మారిపోయింది.

"సల్లబడతా ఉండాయి."

"గంపలో పెట్టేద్దామమ్మా."

"ఇప్పుడు గంప తెరిస్తే పెట్ట లేచిపోతాది. ఇందాకే బెదిరిపొయింది. ఆ ఏడు గూడా పోతాయి. ఇంటికి పొయ్యి, గది చీకటి జేసి, ఒక్కొక్కటే దాని కిందకి తొయ్యాల. అందాకా ఇవి సల్లబడగూడదు."

ఆమె అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గుడ్డును రెండు చేతుల మధ్య పెట్టుకుని ఊదుతూ కూర్చుంది. ఆకూవక్కకి మొగుడి ముఖం చూడక్కర్లేని రోజులు ఆమె చేతుల్లో చల్లబడుతున్నాయి.

"అన్నా, ఇంజను ఆన్ చెయ్యి. బానెట్ వెచ్చగా ఉంటాది" అన్నాను.

లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తోలాడన్నదే మా డ్రైవర్ల జాతకం. ఆ లెక్కలో మా అన్న డిపోకే మొనగాడు. ఆవలింతకు కూడా డీజిలు ఖర్చవుతుందేమోనని ఆవలించని మనిషి.

"నిలబెట్టిన బండికి ఇంజను ఆన్ జేసేదా? గుడ్లకోసరం డీజిలు కాలింది అని లాగ్‌షీటులో రాసేదా? కుదర్దు" అన్నాడు. తరువాత చొక్కా పైగుండీలు రెండు విప్పి చెయ్యి చాపాడు. "ఇటియ్యి ఒకటి."

గుడ్డు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "మడిసి ఒళ్ళు గూడా ఇంజనే గదరా. దీనికి లాగ్‌షీటు లేదు."

ఇక చూడండి. చక్రవడ్డీ తాత ఒకటి అడిగి పంచె కట్టు మడతలో, పొట్టకు ఆనించి దోపుకున్నాడు. గరిటెలాయన ఒకటి చంకలో పెట్టుకున్నాడు. టీచరమ్మ కొంగు మడతలో చుట్టి గొంతు కింద పట్టుకుంది. ఒకటి పెద్దామె దగ్గర. ఆరోది నా కుడి చంకలో. ఆరు గుడ్లు, ఆరుగురు మనుషులు. ఒకే బుట్టలో పెట్టొద్దన్న ఆ కోటు మనిషి వచ్చి చూస్తే ఏడ్చేవాడు.

"కదలబాకండి. నవ్వించబాకండి. దగ్గొస్తే చెప్పి దగ్గండి" అని పెద్దామె ఆర్డరు వేసింది.

చెయ్యెత్తకుండా ఒక్క మాట కూడా చెప్పడం రాని నేను ఆ రెండు గంటలూ రెక్క విరిగిన కాకిలా కూర్చున్నాను. ఊరకే కూర్చోలేక ఎడంచేత్తో పుస్తకం తీశాను. ఆమె దాని వైపు చూసింది.

"ఆ గుడ్ల మాట ఇందులోనే ఉండాదా? సదువు."

చదివాను. ఆ పేజీ, ముందు పేజీ, వెనక పేజీ. ఆమె శ్రద్ధగా వింది.

"పెట్ట గురించి ఏం రాసుండాది?"

"పెట్ట గురించి లేదమ్మా."

"గుడ్లుండాయి, బుట్ట ఉండాది, పెట్ట లేదా? మరి గుడ్లు యాణ్ణించి వచ్చినాయి?"

"బహుశా కొనుక్కున్నవేమో" అంది టీచరమ్మ.

"అట్టయితే అయి కూరకి పెట్టుకున్న గుడ్లు. కూరకైతే యాడ పెడితే ఏంది?" అంది పెద్దామె. ఆ పుస్తకం గురించి అంతకంటే మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

గరిటెలాయన ఇంకా ఏముందో చదవమన్నాడు. ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజులు పట్టుగా చేస్తే మనిషి మారిపోతాడని రెండో పుస్తకంలో ఉంది. అది చదవగానే పెద్దామె కళ్ళు పెద్దవి చేసింది.

"అది మాత్రం ఎవురో తెలిసినోళ్ళే రాసినారు. ఇరవయ్యొక్క దినం లేవకుండా కూర్చుంటే పిల్లొస్తాది. ఆ మనిషి ఎవురో పెట్టని జూసే రాసుంటాడు."

"మనిషి కూర్చుంటే ఏమొస్తాదో?" అన్నాడు తాత.

"నడుం నొప్పొస్తాది" అన్నాడు డ్రైవరన్న. అందరం నవ్వబోయి, గుడ్లు గుర్తొచ్చి, నోరు మూసుకున్నాం. నవ్వును చంకతో ఆపడం ఎంత కష్టమో మీకు తెలీదు.

ఒక సంగతి చెప్పాలి. అప్పుడే నా చంకలో ఏదో టిక్కుమంది. లోపలినుంచి గోటితో తట్టినట్టు. నా నాడే కావచ్చు. ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ క్షణంనుంచి నేను మోస్తున్నది సామెత కాదనీ, లోపల ఒక ప్రాణి నా మీద నమ్మకం పెట్టుకుని కూర్చుందనీ తెలిసింది. ఆ తరువాత పేజీ తిప్పలేదు.

సాయంత్రానికి నీళ్ళు తగ్గాయి. ఒక గుడ్డు చంకలో పెట్టుకునే డ్రైవరన్న వాగు దాటించాడు. గేరు మార్చేటప్పుడు మాత్రం మోచెయ్యి దూరం జరగకుండా, పెళ్ళికూతురిలా ఒద్దికగా మార్చాడు. తక్కినవాళ్ళకు వాళ్ళ ఊళ్ళు ఇంకా ముందున్నాయి. ఆమె పల్లె దగ్గర బండి ఆపాం. ఒక్కొక్కరే వచ్చి గుడ్డు ఆమె పట్టుకున్న నా తువ్వాలలో పెట్టారు. తాత గుడ్డు పెడుతూ, "మా నాయన రెండెకరాలు పోగొట్టినాడు గానీ నేను దీన్ని పోగొట్టలా" అన్నాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని, తువ్వాల గుండెకు అదుముకుని, చినుకుల్లో పోయింది. నా వైపు చూడలేదు.

ఎనిమిదో రోజు ఆమె ఆత్మకూరు పోవడానికి అదే బస్సు ఎక్కింది. టిక్కెట్టు కొడుతూ గుడ్ల సంగతి అడిగాను.

"ఏడుకి ఏడూ పిల్లలైనాయి. నీ ఆరింట్లో నాలుగు."

నాలుగు! పదకొండు పిల్లలు. నేను గాల్లో తేలబోయాను గానీ, మిగిలిన రెండు నా కాళ్ళు పట్టి లాగాయి. ఆ రెండు ఎవరి చంకలోవో తెలీదు. తనది కాదని డ్రైవరన్న ఇప్పటికీ ఒట్టు పెడతాడు. రెండు కోళ్ళ డబ్బు ఇస్తానన్నాను.

"డబ్బులెందుకులే నాయనా. ఇంకోసారి ఎవురన్నా గంప జూస్తా ఉండమంటే, జూస్తా ఉండు" అంది.

నాలుగు నెలల తరువాత మళ్ళీ ఎక్కింది. ఈసారి గంపలో పెరిగిన పిల్లలు ఐదు. మూడు ఆత్మకూరులో కూతురికి, రెండు చేజర్లలో చెల్లెలికట. ఇన్ని తిప్పలు పడి తెచ్చుకున్నవాటిని పంచుతున్నావేందమ్మా అన్నాను.

"అన్నీ ఒక ఊళ్ళోనే ఉంటే తెగులొస్తే అన్నీ పోతాయి గదా. ఆడ రెండు, ఈడ మూడు ఉంటే యాడో ఒకచోట విత్తనం మిగులుతాది. ఎండాకాలం నాకు బుద్ధొచ్చింది."

"నేను చెప్పింది కూడా అదే గదమ్మా!"

"నువ్వు గుడ్లు పంచినావు నాయనా. పంచాల్సింది పిల్లల్ని."

అన్నిసార్లు చదివి నేను పట్టుకోలేనిది అదీ. కోటు మనిషి మాట తప్పు కాదు. ఎప్పుడు చెయ్యాలో ఆయనకు తెలీదు, నాకూ తెలీదు. ఆ రోజు నుంచి ఆ ఐదు పుస్తకాలనూ మళ్ళీ మొదట్నుంచి చదివాను, పెట్ట కోసం వెతుకుతూ. పొద్దున ఐదింటికి లేచి గంటసేపు తనకోసం కేటాయించుకున్న విజేతకు ఆ గంటలో పొయ్యి ఎవరు వెలిగించారు? పదేళ్ళలో కోటీశ్వరుడైనవాడు ఆ పదేళ్ళూ ఎవరి వంట తిన్నాడు? ఎక్కడా ఉండదు. ఉన్నా, వెనక పేజీలో కృతజ్ఞతల దగ్గర ఒక వాక్యంలో ఉంటుంది. మా ఇంట్లో పెట్ట ఎవరో వెతుక్కోవడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. మూడున్నరకు నేను లేచేవాణ్ణని పైన గొప్పగా రాశాను కదా, క్యారియరు కట్టడానికి మా ఆవిడ మూడింటికే లేచేది.

మీరూ చదవండి పిల్లలూ. పెట్ట ఎక్కడుందో చూస్తూ చదవండి. నేను నెలనెలా కొంత దాచి, పదకొండేళ్ళు మూత తెరవకుండా ఉంచాను. మోకాళ్ళు అరిగి ముందే దిగిపోగలిగానంటే అది దాని చలవే. కెలికితే పెట్ట లేస్తుందని నాకు నేర్పింది పుస్తకం కాదు.

ఇక ఒప్పుకున్న ప్రకారం, ఏది కల్పించానో చెప్పాలి. చంకల్లో గుడ్ల సంగతి అనుకుంటున్నారేమో. అది నిజం, డ్రైవరన్నను అడగండి. టాపుకు రక్తం తగల్లేదు, హారను మోగలేదు, అవి మీరే సగం చేసుకుని ఉంటారు.

ఆమె "సరే నాయనా, కానియ్యి" అనలేదు.

గంప చూస్తా ఉండమని చెప్పి నీళ్ళకు పోయింది. తిరిగొచ్చేసరికి ఉపన్యాసం ఒక్కటే సిద్ధంగా లేదు, ఆరు గుడ్లు అప్పటికే నా తువ్వాలలో ఉన్నాయి. పెట్ట యాడ కూర్చుంటాది అని ఆమె అడిగింది అప్పుడు. బస్సులో నేనూ డ్రైవరన్నా తప్ప ఎవరూ లేరు, ఎవరమూ నవ్వలేదు. ఆమె తన చేత్తో తీసి ఉంటే పెట్ట గింజుకునేదే కాదు. ఎరగని చెయ్యి గనకే పొడిచింది.

ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. వాగు ఒకసారి మోకాలిలోతు, ఒకసారి మనిషిలోతు అయింది. గంట రెండయింది, రెండు మూడయ్యాయి. పెంచకుండా, తగ్గించకుండా, ప్రతిసారీ అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పిన మాట ఆ "సరే" ఒక్కటే.